మడమలు చూసి నడిపినవాడు

ఆ సాయంత్రం ఆయన ఒక కాలికి చెప్పుతోను, ఒక కాలికి చెప్పు లేకుండాను ఇల్లు చేరాడు. వీధి మొదట్లో ఉన్న మందుల దుకాణం నుంచి గుమ్మందాకా ఎంత తక్కువ వేసుకున్నా మూడు వందల అడుగులు. అన్ని అడుగులు వేసినా, కుడికాలి చెప్పు దారిలోనే ఉండిపోయిందన్న సంగతి ఆయనకు తెలియలేదు. గుమ్మంలో నిలబడ్డ భార్య చూపు కిందికి దిగి అక్కడే ఆగిపోవడంతో తెలిసింది.

"రెండోది ఎవరికిచ్చొచ్చారు?" అన్నది ఆవిడ.

ఆయన వంగి చూసుకున్నాడు. పాదం మట్టికొట్టుకుని ఉంది. బొటనవేలి కింద గాజుపెంకు ఒకటి దిగి, రక్తం సన్నటి చారగా మడమవైపు జారింది. దాని సంగతీ ఆయనకు తెలియదు.

"చెప్పు వారు తెగింది. అక్కడే వదిలేశాను."

"మీరా? ఊడిన గుండీ కూడా జేబులో వేసుకొచ్చే మనిషి, చెప్పు వదిలేసి వచ్చారా?"

ఆవిడ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పెంకు లాగి, గాయం కడిగి కట్టు కట్టింది. లాగుతున్నంతసేపూ ఆయన ముఖంలోకే చూసింది. ఆ ముఖంలో నొప్పి ఆనవాలు కూడా లేదు. మర్నాడు పొద్దున్నే తానే వెళ్లి ఆ చెప్పు వెతికి తెచ్చి, గుమ్మం దగ్గర దాని జత పక్కన పెట్టింది. వారు తెగలేదు సరికదా, వదులైనా కాలేదు. మాటతో గెలవగలిగిన చోట కూడా మాట ఖర్చుపెట్టకుండా వస్తువును ఎదురుగా పెట్టి ఊరుకోవడం ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ నేర్చుకున్న విద్య.

ఆయన ముప్పై ఒక్క సంవత్సరాలు నగరపాలక సంస్థ వారి శవవాహనం నడిపాడు. అంతకుముందు నాలుగేళ్లు సిమెంటు లారీ మీద పనిచేశాడు గాని, ఆ నాలుగేళ్లలో అబ్బిన అలవాట్లన్నిటినీ కొత్త ఉద్యోగంలో మొదటి వారానికే వదిలించుకోవలసి వచ్చింది. శవవాహనం తక్కిన బండ్లలాంటిది కాదు. దానికి ముందూ మనుషులే, వెనకా మనుషులే. వారిలో ఎవరికీ ఆ వేళ ఒంటిమీద ధ్యాస ఉండదు. పని నేర్పిన ముసలి డ్రైవరు ఆయనకు చెప్పిన పాఠాలు రెండే.

"రోడ్డు చూడకురా. అదెక్కడికీ పోదు. ముందు నడిచేవాళ్ల మడమలు చూడు. మడమ ఎంత లేస్తే చక్రం అంత తిరగాలి" అన్నది మొదటిది.

"అద్దం వదలకు. అందరికన్నా వెనకబడ్డ మనిషెవరో అందులో వెతికి పట్టుకో. ఏ ముసలమ్మో, ఏ కర్రపట్టుకున్నాయనో ఉంటారు. బండి వాళ్లది. తక్కినోళ్లంతా ఊరికే వస్తున్నారు" అన్నది రెండోది.

ఈ రెండింటికీ ఆయన తనదంటూ మరొకటి చేర్చుకున్నాడు. బండి ఎక్కగానే కుడికాలి చెప్పు విడిచి పక్కన పెట్టేవాడు. తోలు అడ్డం ఉంటే పెడలు మాట వినబడదనేవాడు. వట్టి అరికాలితో బ్రేకును నొక్కినట్టు కాక ఆనుకున్నట్టు ఉంచి, బండిని నడకకు నడక కలిపి తీసుకుపోయేవాడు. గ్యారేజీలో ఆయనకు 'పల్లకి' అని పేరు పడింది. "మా పల్లకి బండి ఎక్కాక పోయినవాడు కూడా దిగనంటాడ్రా" అని తోటి డ్రైవర్లు ఆయన ఎదుటనే నవ్వుకునేవారు. ఆయన కూడా నవ్వేవాడు. దీన్ని గొప్పతనమనడం పెద్ద మాట. శ్రద్ధ అనవచ్చు. అయితే ఏళ్ల తరబడి ఎవరూ గమనించని చోట నిలుపుకున్న శ్రద్ధ మనిషిలో ఒక అవయవంలా పెరిగిపోతుంది. అది పోయినప్పుడు మిగిలే ఖాళీ కూడా అవయవం పోయినంత ఖాళీగానే ఉంటుంది.

పదవీ విరమణకు ఇంకా ఏడాది ఉండగానే ఆయన కాగితం రాసి ఇచ్చేశాడు. అడిగినవాళ్లకు మోకాళ్లని చెప్పాడు. మోకాళ్లు నిక్షేపంలా ఉన్నాయి. మొద్దుబారింది కుడి అరికాలు.

చెప్పు సంగతి జరిగిన నెలకు చెల్లెలి కూతురు వచ్చింది. ముప్పై దాటిన మనిషి, కార్లకు ఫొటోలు తీయడం ఆమె వృత్తి. వాళ్ల అమ్మ దృష్టిలో అది వృత్తి కాదు, దారి తప్పిన పిల్ల చేసే పని. మేనమామ ఎన్నడూ అలా అనలేదు గనుక ఆమె ఈ గుమ్మం చనువుగా ఎక్కుతుంది. ఆ రోజు ముందుగదిలో కూర్చుని, సంచీలోంచి ఒక పెద్ద ఫొటో తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదెంత స్పీడులో ఉందో చెప్పు మావయ్యా."

ఆయన ఫొటోను చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. కారు మటుకు కడిగిన గాజులా స్పష్టంగా ఉంది. వెనక చెట్లు, గోడలు, దీపస్తంభాలు గీతలు గీతలుగా సాగిపోయాయి. చక్రాల ఊచలు తిరుగుడులో కరిగిపోయాయి.

"నూట నలభై. ఇంకా ఎక్కువే ఉంటుంది. తీసినవాడికి బతుకు మీద ఆశ ఉన్నట్టు లేదు."

"తీసింది నేనే. మనిషి నడక కన్నా నెమ్మది. ఇంజను కూడా ఆపేశాం."

ఆయన ఫొటో దించి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చేతులు ఆడిస్తూ చెప్పుకొచ్చింది. కారుకు గాలి పీల్చి అతుక్కునే రబ్బరు కప్పులు పెట్టి, వాటికి మనిషికి రెండింతల పొడవున్న గొట్టం బిగించి, దాని కొసన కెమెరా కడతారు. కెమెరా ముందు నుంచి వెనక్కి తిరిగి కారునే చూస్తూ ఉంటుంది. రెప్ప తెరిచి ఎనిమిది సెకన్లు మూయదు. ఆ ఎనిమిది సెకన్లూ కారు మెత్తగా కదలాలి. ఇంజను వణికితే చెడుతుంది, రాయి తగిలితే చెడుతుంది, మధ్యలో ఊగితే చెడుతుంది. గొట్టాన్ని తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు.

"అంటే జనాన్ని మోసం చేస్తారన్నమాట" అన్నది వాకిట్లో బట్టలు మడత పెడుతున్న భార్య.

"మోసమేంటత్తా! కెమెరా కారు మీదే కూర్చుంటుంది. దానికి కారు కదలదు. ఊరే కదులుతుంది. అది చూసిందే అది చెబుతుంది."

ఆయనకు ఆ మాట కొత్తగా తోచలేదు. తన వెనక పడుకుని ప్రయాణం చేసినవారికీ అంతే. వాళ్లు కదిలేవారు కాదు; వాళ్లు బతికిన వీధులే కిటికీల పక్కనుంచి వెనక్కి జరిగిపోయేవి. చలనం ఎవరిదో తేల్చడానికి ముందు కన్ను ఎక్కడ పెట్టారో అడగాలి. ఇది ఆయన ఏనాడో స్టీరింగు దగ్గర తేల్చుకున్న విషయమే, ఎవరికీ చెప్పలేదు గాని.

"ఇప్పుడు నాతో పనేంటి?"

"కేలెండరు వాళ్లు ఒక పాత కారు ఫొటో అడిగారు. అది నచ్చితే మిగతా పదకొండూ నాకే. కారు దొరికింది, పళ్ల డాక్టరుగారిది. రోడ్డు దొరికింది, మూతబడ్డ పెంకుల ఫ్యాక్టరీలో సన్నటి దిగుడు. డ్రైవరే దొరకట్లేదు. నలుగుర్ని చూశాను మావయ్యా. వాళ్లకు పోవడం వచ్చు, ఆపడం వచ్చు. మధ్యలోది రాదు. నీకు అదే వచ్చు."

బట్టల మడతలు ఆగిపోయాయి. భార్య తలెత్తి ఆయన ముఖం చూడలేదు, పాదం చూసింది. ఆయన ఆ పాదాన్ని కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"సరే, వస్తాను" అన్నాడు.

మేనకోడలు వెళ్లిపోయాక ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"చెప్పారా దానికి?"

"చెప్పడానికేముందే. నడకంత స్పీడు. దిగుడు రోడ్డు. ఎంతసేపు పని?"

"ఎంతసేపైతేనేం. గాజుపెంకు దిగితే తెలియని కాలికి బ్రేకు తెలుస్తుందా?"

"కళ్లున్నాయి కదా."

"కళ్లతో తొక్కుతారా?" అని ఆవిడ లేచింది. "మీ ఇష్టం. కానీ దాని ప్రాణం మీ కాలి కింద ఉంటుంది. అది తెలిసి పెట్టుకోవడం వేరు, తెలియక పెట్టుకోవడం వేరు."

ఆయన ఆ రాత్రి ఆ మాటను ఎటు తిప్పి చూసినా దానికి జవాబు దొరకలేదు. జవాబు దొరకని మాటను పక్కన పెట్టడం మాత్రం అందరిలాగే ఆయనకూ వచ్చు.

పెంకుల ఫ్యాక్టరీ లోపలి రోడ్డు పొడవాటి ఇటుకగోడ పక్కన, కనీకనబడని వాలుగా దిగి ఉంది. గోడకు వరుసగా పగిలిన కిటికీలు. మధ్యాహ్నం మూడింటికి వాళ్లు చేరారు. వాళ్లిద్దరూ తప్ప మూడో మనిషి లేడు. కారు ఆయన వయసుదే, ముదురు ఆకుపచ్చ రంగు. బ్రేకు కాలిబలంతోనే పనిచేసే పాతకాలపు బండి గనుక ఇంజను ఆపినా పట్టు పోదు. కుదుపు తగ్గాలని మేనకోడలు టైర్లలో కొంచెం గాలి తీసింది. తడిబట్టతో ముందు చక్రం పైనున్న రేకు మీద దుమ్ము తుడిచి, పొడిబట్టతో మళ్లీ తుడిచి, మూడు కప్పులు ఒకదాని తర్వాత ఒకటి అదిమి, ఒక్కొక్కదాన్ని గుంజి చూసింది. గొట్టం బిగించింది. కెమెరాకు నల్లటి అద్దం తొడిగింది. పగటివేళ అంతసేపు రెప్ప తెరిస్తే వెలుగు ఎక్కువైపోకుండా అది ఆపుతుందట. చివరగా కెమెరా మెడకు ఒక పట్టీ కట్టి, గొట్టం వెంట తెచ్చి, కారు ముందు కడ్డీకి ముడివేసింది.

"ఇదెందుకు?"

"ఊడితే కిందపడకుండా. ఇది పోతే నేను మా అమ్మ చెప్పిన ఉద్యోగం చేసుకోవాలి."

ఈలోగా ఆయన ఎవరూ చెప్పకుండానే చీపురు పట్టుకుని రోడ్డు మీద గులకరాళ్లు ఊడ్చాడు. తర్వాత స్టీరింగు ముందు కూర్చుని, అలవాటు చొప్పున కుడిచెప్పు విడిచి పక్కన పెట్టాడు. పెడలు మీద పాదం ఆనించాడు. ఆనిందని కళ్లు చెప్పాయి. పాదం ఏమీ చెప్పలేదు.

మేనకోడలు చేతిలో రెప్ప తెరిచే చిన్న మీట పట్టుకుని, కెమెరా కంటికి కారు అడ్డం ఉండేలా కుడివైపు వెనకభాగాన ఒంగి నడవాలి. ఆయన పెడలును కొద్దికొద్దిగా వదిలాడు. కారు నిశ్శబ్దంగా కదిలింది. టైర్ల కింద ఇసుక నలిగిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. పద్ధతిగా దిగింది, పద్ధతిగా ఆగింది. వచ్చు, ఇంకా వచ్చు అనుకున్నాడాయన.

ఆమె కెమెరా వెనక చిన్న తెర చూసి ముక్కు చిట్లించింది. "గోడ మీద ఒక కిటికీ సాగకుండా అలాగే పడింది. ఇంకోసారి చేద్దాం."

ఇంజను వేసి వెనక్కి ఎక్కించి మళ్లీ దింపాడు. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. గోడ అంతా గీతలుగా సాగిపోయి ఉండగా, ఒక్క కిటికీ మాత్రం ఆగిపోయినట్టు స్పష్టంగా అచ్చుపడుతోంది.

"మధ్యలో ఆగుతున్నావు మావయ్యా."

"నేనా? ఆగలేదే."

"ఎనిమిది సెకన్లలో ఒక సెకను ఆగుతున్నావు. కెమెరా అబద్ధం చెప్పదు."

"కారు కదల్లేదంటుంది, ఊరు కదిలిందంటుంది. ఇంకా అబద్ధం చెప్పదట!"

ఆమె నవ్వేసింది. నాలుగోసారి ఒంగి నడుస్తూనే ఆయన ముఖాన్ని అద్దంలో కనిపెట్టి చూసింది. కారు ఆగగానే వచ్చి కిటికీ మీద మోచేతులు ఆనించింది.

"అద్దంలో నన్నెందుకు చూస్తున్నావు?"

ఆయనకు అప్పుడు అర్థమైంది. ఒంగి నడవడం వల్ల ఆమె ప్రతిసారీ సగం దారిలో వెనకబడుతోంది. అద్దంలో ఆమె చిన్నదవుతోంది. వెనకబడ్డ మనిషి కోసం బండి తనంతట తానే ఆగుతోంది. ముప్పై ఒక్క ఏళ్లు అలా ఆగడమే ఆయన పని.

"నువ్వు వెనకబడుతున్నావమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"వెనకబడితే పడనీ. నేనేం శవం వెంట నడుస్తున్నానా?" అనేసి నాలుక కరుచుకుంది. ఆయన ఏమీ అనుకోలేదు. "అద్దానికి గుడ్డ కప్పుదాం. నేను ముందు నడుస్తాను. గొట్టం ఊగుతుందేమో కూడా చూసుకోవచ్చు. కెమెరా వెనక్కి చూస్తుంది కాబట్టి నేను అందులో పడను."

అద్దానికి పసుపుపచ్చ తుడుపుగుడ్డ కప్పేసింది. ఆ గుడ్డను చూశాక ఆయనకు ఇంకో సంగతి తట్టింది. ఇంతసేపూ బండిని నడిపింది కాలు కాదు. అద్దంలో ఆమె పెరగడం, తరగడం చూసి, దాన్ని బట్టి పిక్కతో తొక్కుతున్నాడు. తప్పు చేయించిన అలవాటే ఇంతవరకూ ప్రమాదాన్ని ఆపింది. ఇప్పుడు ఆ అలవాటును కప్పేస్తే మిగిలేది అరికాలే.

చెప్పవలసిన క్షణం అదే. ఆయన నోరు తెరిచాడు కూడా. "రెడీనా మావయ్యా?" అని ఆమె ముందు నుంచి కేకేసింది. "ఆఁ" అన్నాడు.

ఆమె కెమెరా పక్కన, కారుకు ఎదురుగా నిలబడి, గొట్టం మీద చూపు నిలిపి వెనక్కి వెనక్కి అడుగులు వేస్తోంది. ఆయన ఆమెను చూస్తూ వదిలాడు. ఆమెకూ తనకూ మధ్య దూరం మారడం లేదు గనుక నడక సరిగ్గా ఉందనుకున్నాడు. అక్కడే పొరబడ్డాడు. ఆమె అడుగును బట్టి కారు పోవడం లేదు. కారును బట్టి ఆమె అడుగు వేస్తోంది. కారు తొందరపడిన కొద్దీ ఆమె తొందరపడుతోంది. ఆమె చెంపల పక్క జుట్టు ఎగరడం చూసేసరికి ఆయనకు వేగం తెలిసింది. తొక్కాడు. తొక్కాననే అనుకున్నాడు. పాదం పెడలు అంచున జారి పక్కన నేలను తొక్కుతోంది. ఆ సంగతి దానికీ తెలియదు, ఆయనకూ తెలియదు.

"మావయ్యా, ఆపు!"

ఆయన చేతిబ్రేకును రెండు చేతులతో పెకలించినట్టు లాగాడు. కారు గుంజుకుని ఆగింది. టప్‌మని ఒక కప్పు ఊడింది. గొట్టం పక్కకు తిరిగి నేలవైపు వాలింది. మేనకోడలు కాలు మడతపడి వెల్లకిలా పడింది. ఆమె ముఖానికి జానెడు పక్కన గొట్టం కొస ఆగి ఊగుతోంది. కొస నుంచి ఊడిన కెమెరా పట్టీకి వేలాడుతూ రోడ్డుకు బెత్తెడు ఎత్తున గిరగిరా తిరుగుతోంది.

ఆయన దిగి పరుగెత్తాడు. ఆమె అప్పటికే లేచి కూర్చుని, గీరుకుపోయిన అరచేతుల్ని కూడా చూసుకోకుండా కెమెరాను ఒళ్లోకి తీసుకుని తడుముతోంది.

"ఏం కాలేదు... ఏం కాలేదు మావయ్యా. కప్పు ఊడిపోయింది. నాదే తప్పు. ఇంతసేపూ ఎండలో ఉంది కదా, మధ్యలో ఒకసారి మళ్లీ నొక్కాల్సింది. నా బుద్ధి గడ్డి తింది. నువ్వు టక్కున ఆపావు కాబట్టి సరిపోయింది."

ఆయన నిలబడిపోయాడు. ఆమె నేరం తన మీద వేసుకుని, పైగా ఆయనకు కృతజ్ఞత చెబుతోంది. ఊరుకుంటే చాలు. కప్పును ఇంకోసారి అతికించుకుంటారు, ఇంకోసారి ప్రయత్నిస్తారు. ఇంటికి వెళ్లాక భార్య అడిగితే బాగానే జరిగిందనవచ్చు. ఇలాగే ఇంకొకరు కూడా తప్పును తమ మీద వేసుకున్న రోజు ఒకటుంది. ఆనాడు ఆయన ఊరుకున్నాడు.

"కప్పు కాదమ్మా" అన్నాడు. "కాలు."

"ఏ కాలు?"

"నా కుడికాలు. అరికాల్లో స్పర్శ లేదు. తొక్కాననుకున్నాను, తొక్కలేదు. తొందరగా ఆపానన్నావు. కాదు, ఆలస్యంగా ఆపాను. అదీ చేత్తో."

ఆమె కెమెరా మీద నుంచి చెయ్యి తీసింది.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటింది."

"ఏడాదా? ఏడాది కిందట నువ్వు డ్యూటీలో ఉన్నావు కదా!"

"ఉన్నాను." ఆయన కారుకు ఆనుకోలేదు, ఆనుకుంటే మాట సులువవుతుందని భయపడ్డట్టు నిటారుగా నిలబడే చెప్పాడు. "ఒకావిడ కొడుకు పోయాడు. బండి ముందు నడుస్తోంది. నా కళ్లు ఆవిడ మడమల మీదే ఉన్నాయి. మడమలు ఆగాయి, నేను చూశాను. నొక్కాననే అనుకున్నాను. బంపరు వెళ్లి ఆవిడ పిక్కలకు తగిలింది. పెద్ద దెబ్బ కాదు. ఆవిడ వెనక్కి తిరిగి, 'క్షమించు నాయనా, అడ్డమొచ్చాను' అంది. నేను తలూపాను. తలూపానమ్మా. క్షమించినట్టు. ఆ రోజే నా కాలు సంగతి నాకు తెలిసింది. వారంలో కాగితం రాసిచ్చేశాను. మోకాళ్లన్నాను."

"అత్తకు తెలుసా?"

"తెలుసు."

"నాకు చెప్పడానికేమైంది? నేను వెనక్కి నడుస్తున్నాను మావయ్యా. నీ ముందు. చూడను కూడా చూడకుండా!"

ఆయన దగ్గర దానికి సమాధానం ఉంది, సమర్థన లేదు. "మధ్యలోది నాకింకా వచ్చునేమో చూసుకుందామనుకున్నాను" అన్నాడు.

ఆమె లేచి, ఫ్యాక్టరీ మెట్ల మీదికి వెళ్లి, ఇటు వీపు పెట్టి కూర్చుంది. ఆయన పిలవలేదు. వాలిపోయిన గొట్టాన్ని విప్పి నేల మీద సరిగ్గా పెట్టాడు. ఊడిన కప్పును తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో తుడిచాడు. సూర్యుడు పొగగొట్టం వెనక్కి దిగిపోయాడు. గోడ మీద నీడలన్నీ పోయి వెలుగు సమంగా పరుచుకుంది.

చాలాసేపటికి ఆమె తిరిగి వచ్చింది. ముఖంలో కోపం అలాగే ఉంది.

"ఈ వెలుగు ఇంకో అరగంట ఉంటుంది. నేను నడుపుతాను" అన్నది.

గొట్టం మళ్లీ బిగించారు. ఆమె రెండుసార్లు దింపింది, రెండుసార్లూ కారు తటపటాయించింది. స్టీరింగు మీద అరచెయ్యి వేసి కొట్టింది. "నా వల్ల కాదు. ఎంత వదలాలో తెలియట్లేదు."

"చెప్పు విప్పు" అన్నాడాయన.

ఆమె ఒక్క క్షణం చూసి, విప్పింది.

"పెడలును నొక్కకు. దాని మీద కాలు ఉన్నట్టు దానికి తెలియకూడదు. రోడ్డు చూడకు, అదెక్కడికీ పోదు. కెమెరా కన్నా నాలుగడుగులు ముందు నేను నడుస్తాను. నా మడమలు చూడు. మీట నాకివ్వు, నేను నొక్కుతాను."

"మావయ్యా, నేను గనక సరిగ్గా తొక్కలేకపోతే..."

"నీకు కాలుంది కదమ్మా" అన్నాడు.

ఆయన రెండు చెప్పులూ విడిచి రోడ్డు మీద పెట్టి, ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో బండికి ముందు ఎన్నడూ నడిచి ఎరగడు. మీట నొక్కి అడుగు వేశాడు. వెనక ఇసుక నలిగింది. కుడిపాదం నేల తాకిందో లేదో దేహం బరువు ఒరగడాన్ని బట్టి ఊహించుకోవడమే. చప్పుడు దగ్గరవుతోందో, దూరమవుతోందో ఎంత చెవులు రిక్కించినా తేలలేదు. వీపంతా కన్నులైనట్టుంది, ఆ కన్నులన్నీ మూసుకుని ఉన్నట్టుంది. తిరిగి చూడాలన్న కోరిక మెడ నరాల్ని లాగింది. పది లెక్కపెట్టి ఆగాడు. వెనక చప్పుడు కూడా ఆగింది. ఎక్కడ ఆగిందో చూడలేదు.

"ఇంకోసారి" అన్నది ఆమె. ఇంకోసారి నడిచాడు. మరోసారి నడిచాడు. నాలుగోసారి అయ్యాక ఆమె దిగి తెర చూసింది. ఈసారి ముక్కు చిట్లించలేదు. ఆయనకూ చూపించింది. ఆకుపచ్చ కారు లోకాన్నంతా చింపుకుంటూ దూసుకుపోతోంది. గోడ లేదు, కిటికీలు లేవు, గీతలే ఉన్నాయి. ఫొటో బాగుందనే చెప్పాలి.

ఇద్దరూ కప్పులు విప్పుతుండగా ఆమె అడిగింది: "ఒక్కసారైనా వెనక్కి చూడలేదేం?"

"చూస్తే నువ్వు నా మొహం చూస్తావు. మడమలు వదిలేస్తావు."

"భయం వెయ్యలేదా?"

"వేసింది." ఆయన కప్పు అంచు కింద గోరు దూర్చి గాలి వదిలాడు. "ఇన్నేళ్లలో బండి ముందు నడిచినవాళ్లలో ఒక్కరూ తమంతట తాము వెనక్కి తిరిగి చూడలేదమ్మా. నా బండి మీద అంత నమ్మకం అనుకునేవాణ్ణి. గర్వపడేవాణ్ణి కూడా. అది నమ్మకం కాదు. ఆ దుఃఖంలో వెనకో బండి ఉందన్నది వాళ్లకు గుర్తే ఉండి ఉండదు."

ఆమె కెమెరాను సంచీలో పెట్టి జిప్పు లాగాక, ఆయన వైపు చూడకుండానే, "రేపు పదింటికి వస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్దాం. అత్తను కూడా రమ్మను" అన్నది.

"కోపం పోయిందా?"

"లేదు. పదింటికి తయారుగా ఉండు."

ఆయన తలూపబోయి ఆగి, "ఉంటాను" అని నోటితో చెప్పాడు. తర్వాత చెప్పుల దగ్గరికి వెళ్లాడు. ఎడమకాలు దూర్చాడు. కుడికాలు దూర్చాక వంగి, చెప్పులో కాలు ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాడు.